నీళ్ళమ్మ భయం

శవానికి భయపడని మనిషి దేవుడికి అంతగా వణికిపోవడం నేను ఒక్క నీళ్ళమ్మ దగ్గరే చూశాను.

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. ముస్లింల ఇళ్ళలో ఆడమనిషి చనిపోతే ఒంటికి ఆఖరి స్నానం చేయించే పని ఆవిడది కాబట్టి వీధి వీధంతా వెనకాల నీళ్ళమ్మ అంటుంది. ఎదురుపడితే తల తిప్పుకుంటుంది. ఆవిడ చేతి టీ తాగేది మా మేడ మొత్తంలో నేనొక్కదాన్నే. ధైర్యం ఉండి కాదు, టీ బాగా పెడుతుంది.

కింద వీధివైపు గది నాది. అందులోనే నా కుట్టుమిషను, నా మంచం. వెనక గది నీళ్ళమ్మది. మధ్యలో ఒక్క గోడ. ఆవిడ మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఈ పని అత్తగారు నేర్పింది. పిలుపు రాగానే చెంబూ, కర్పూరమూ, దూదీ సంచిలో సర్దుకుని, వెంటనే బయల్దేరకుండా మంచం అంచున కూర్చుంటుంది. చేతులు వణుకుతుంటాయి. ఒకసారి అడిగాను.

"ఏమే, రోజూ చేసే పనేగా. శవం లేచి తిడుతుందా?"

"శవం ఎందుకు తిడుతుంది అక్కా. పైనుంచి చూసేవాడు ఉన్నాడుగా. ఒక్క వేలిసందు తడవకుండా పంపానంటే రేపు ఆయన నన్నే అడుగుతాడు."

"ఆయనకు వేరే పని లేదా?"

"అలా అనకు అక్కా," అంటూ గోడవైపు చూసింది, గోడకు చెవులున్నట్టు.

మేడమీద ఇల్లుగల ఆవిడ ఉండేది. మేమంతా మేడమ్మ అనేవాళ్ళం. యూదుల మనిషి. ఒకప్పుడు వాళ్ళవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉండేవారట. ఒక్కొక్కరే దేశాలు పట్టిపోయి, చివరికి కర్ర పట్టుకుని నడిచే ముసలి మగవాళ్ళు ఇద్దరూ, మేడమ్మా మిగిలారు. నోరు మహా చెడ్డది. నా నోటికే జడిసే జనం ఆవిడ ముందు నన్ను మంచిదాన్ననేవారు. అలాంటి మనిషి కాళ్ళు నీరుపట్టి మంచం ఎక్కాక, ఒకరోజు మా ఇద్దర్నీ పైకి పిలిచింది.

మంచం మీద తెల్లగుడ్డ తాను ఉంది.

"నువ్వు కుట్టాలి," అంది నాతో. "చొక్కా, పైజామా, టోపీ. అన్నీ చేత్తో. దారానికి ఎక్కడా ముడి వేయకూడదు."

"ముడి వేయకపోతే ఊడిపోతుంది మేడమ్మగారూ."

"ఎన్నాళ్ళు తొడుక్కుంటానని నీకు బెంగ? మా చావుబట్టలు అలాగే కుడతారు." తర్వాత నీళ్ళమ్మ వైపు తిరిగింది. ఆ తిరగడంలో ముఖం మారిపోయింది. "మాలోనూ స్నానం చేయిస్తారు. ఆడదానికి ఆడవాళ్ళే చేయించాలి. మావాళ్ళలో ఆడది లేదు. ఆ ముసలివాళ్ళు నన్ను తాకకూడదు. నువ్వు చేయిస్తావా?"

నీళ్ళమ్మ కొంగు తలమీదికి లాక్కుంది.

"మీరు ఏ పక్కనుంచి మొదలుపెడతారు?" అని అడిగింది మేడమ్మ.

"తల అయ్యాక కుడిపక్క."

"మేమూ అంతే. ఇంకేం?"

"పెద్దాయన్ని అడిగి చెబుతాను," అని నీళ్ళమ్మ గబగబా మెట్లు దిగేసింది.

మసీదు పెద్దాయన మంచివాడే. ఎవరి మీదా గొంతు లేపగా వినలేదు. ఆయన చెప్పింది నీళ్ళమ్మ నా గదిలో కూర్చుని చెప్పింది. కడగొచ్చట. దిక్కులేని శవాన్ని వదిలేయమని ఎవరూ అనరట. కానీ మురికి గుడ్డను ఉతికినట్టు కడగాలట. మన వరుస పాటించకూడదట, ఏ మాటా చదవకూడదట. ముఖ్యంగా ఆమెను క్షమించమని దేవుణ్ణి అడగకూడదట.

"ఆ ముక్క ఆవిడకు చెప్పకు," అన్నాను. "సరేనని కడిగేసి రా. పోయాక ఆవిడకేం తెలుస్తుంది?"

"ఆవిడకు తెలియకపోతే? ఆయనకు తెలియదా?" అంది. పైకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నేనూ వెనకాలే వెళ్ళాను, ఆ రెండు భయాలనూ ఒకే గదిలో ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.

మేడమ్మ ముందు నవ్వింది. "గుడ్డలాగా. బాగుంది. సబ్బు పెడతావా, చాకిరేవు బండ మీద బాదుతావా?" ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. అంత నోరున్న మనిషి చిన్నపిల్లలా అంది: "ఒక్క మాట లేకుండా పంపిస్తారా నన్ను? అక్కడ ఎవరింటి మనిషివి అని అడిగితే, ఎవరూ పంపలేదు, నేనే వచ్చానని చెప్పుకోవాలా?"

"మీ దేవుడు మీకు తెలుసు కదమ్మా," అంది నీళ్ళమ్మ.

"నా దేవుడేమిటి, నీ దేవుడేమిటి? నువ్వూ నేనూ, చర్చికెళ్ళే ఈవిడా, ముగ్గురం ఒక్క తాత మనవరాళ్ళం. ఆ అబ్రాహాము ఆస్తి పంచుకున్నాక మాటల్లేకుండా పోయాయి, అంతే."

ఇక్కడ నేను ఊరుకోవాల్సింది కానీ మాది క్రైస్తవం, నాకూ ఒక వాటా ఉంది. "మా పాస్టరుగారు అలా అనరు. కొడుకుని కాదన్నవాళ్ళకు తండ్రీ లేడంటారు."

నీళ్ళమ్మ చెవులు మూసుకుంది. "ఆయనకు కొడుకనే మాట నా ఎదురుగా అనకక్కా. మాలో అది పెద్ద పాపం."

"చూశారా," అన్నాను మేడమ్మతో. "తాత ఒక్కడైతే ఇంత గొడవెందుకు?"

"తాత ఒక్కడు కాబట్టే గొడవ. వేరే ఇంటివాళ్ళతో ఆస్తి తగాదా ఎవరికైనా ఉంటుందా?"

"అయినా మీ ఆయన, మా ఆయన అని పంచుకోవడానికి ఆయనేమన్నా మొగుడా?" అనేసి వచ్చేశాను. కానీ మెట్ల మధ్యలోనే ఆగిపోయాను. తెల్లగుడ్డ నా చంకలో ఉంది. కుడితే మా పాస్టరు ఏమంటాడో. కుట్టకపోతే మేడమ్మ ఎలా వెళుతుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుట్టాను. ముడి లేకుండా పొడుగు కుట్లు వేస్తుంటే, ప్రతి కుట్టూ జారిపోతున్నట్టే ఉండేది.

గోడ అవతల నీళ్ళమ్మ అన్నం మానేసింది. అటూ ఇటూ నడిచేది. ఆవిడ భయం నాకు అప్పటికి పూర్తిగా అర్థమైంది. మాట చదివితే పైవాడు కోప్పడతాడేమోనన్నది ఒక భయం. పెద్దాయన వద్దన్నా చదివిందని తనవాళ్ళు దూరం పెడితే, రేపు తను పోయినప్పుడు తనకు నీళ్ళు పోసేదెవరన్నది ఇంకొకటి. ఊరందరికీ పోసిన మనిషికి అంతకంటే పెద్ద భయం ఏముంటుంది.

మేడమ్మ ఒక ఉదయం పాలవాడు తలుపు కొట్టినా పలకలేదు.

ముసలివాళ్ళిద్దరూ వచ్చి వరండాలో గోడకు ముఖం పెట్టి నిలబడ్డారు. మేం లోపల తలుపు వేసుకున్నాం. బల్ల మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పాం. నీళ్ళు అందించడానికి నేను. కళ్ళు మూసుకున్న ఆ ముఖం ఇప్పుడే ఏదో అంటుందని నాకు చచ్చే భయం.

నీళ్ళమ్మ తల కడిగింది. తర్వాత ఎడమపక్కకు వెళ్ళి నిలబడింది. గుడ్డలాగా అన్నారుగా, వరుస ఉండకూడదు. చేయి చాపింది. చేయి ముందుకు పోలేదు. మళ్ళీ చాపింది. "పోవట్లేదక్కా," అంది. ఏళ్ళ తరబడి కుడిపక్కకు పోయిన చేయి అది. బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది. అక్కడినుంచి ఆ చేయి ఎవరి మాటా వినలేదు. వేళ్ళ సందులు, చెవుల వెనక, మడమలు. పురిటిబిడ్డకు పోసినట్టు పోసింది. దుప్పటి పక్కకు జరిగిన ప్రతిసారీ సర్దింది.

నేను కుట్టిన బట్టలు తొడిగాం. ఇక మాట ఒక్కటే మిగిలింది.

నీళ్ళమ్మ పెదాలు కదిలాయి, ఆగాయి. తలుపు వైపు చూసింది. కప్పు వైపు చూసింది. నేనూ చూశాను, నిజం చెప్పాలంటే కప్పు విరిగి పడుతుందేమోననిపించింది. అప్పుడు ఆవిడ వాళ్ళ చదువుల్లోది కాదు, మామూలు మాటల్లో, మనం పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు అంది:

"ఈవిడెవరో నీకు తెలుసు. నేనెవరో తెలుసు. ఇద్దరికీ భయంగా ఉంది. క్షమించు."

అంతే. కప్పు అలాగే ఉంది. నా నోట్లోంచి "ఆమేన్" అని వచ్చేసింది. తలుపు అవతల ముసలివాళ్ళలో ఒకాయన కూడా అదే మాట అన్నాడు. ఆ మాట మా చర్చిలోది అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మర్నాడు పెద్దాయన వచ్చాడు. నీళ్ళమ్మ గదిలో కుర్చీలో కూర్చున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, కదలమన్నా కదిలేదాన్ని కాదు.

"ఏమైనా చదివావా తల్లీ?"

నేను నోరు తెరిచేలోపే అంది. "చదవలేదు. అడిగాను."

"ఏమని?"

"క్షమించమని."

"ఆమెనా?"

"ఇద్దర్నీ."

ఆయన టోపీ సర్దుకున్నాడు. "నీ మేలుకోరే చెప్పాను. నలుగురూ నన్ను అడుగుతారు. నేనేం చెప్పను?"

"నా మీద పెట్టండి," అంది. మాట మార్చలేదు. ఆయన లేచి, చెప్పులు వేసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత రెండు వీధుల అవతల ఒక ముసలమ్మ పోయింది. నీళ్ళమ్మ సంచి సర్దుకుని కూర్చుంది. ఎవరూ పిలవలేదు. వేరే ఊరినుంచి ఎవరినో తెచ్చారని తెలిసింది. ఇంకొకరు పోయారు. అప్పుడూ అంతే. ఆవిడ సంచి విప్పలేదు, మంచం దిగలేదు. గోడకు చెవి పెట్టి ఊపిరి తీస్తోందో లేదో వినడం నాకు అలవాటైంది.

ఒకరోజు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"పైవాడు కోప్పడ్డాడక్కా. అందుకే పిలుపు ఆగిపోయింది."

"కోప్పడింది జనం. ఆయన ఏమన్నాడో నీకు వచ్చి చెప్పాడా?"

"ఏమన్నాడో తెలియకే కదా భయం." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను పోతే ఎవరూ రారు."

"నేను లేనా?"

"నువ్వా? నీకు కూర కడగడమే సరిగ్గా రాదు."

"నేర్పు మరి. నోరు మూసుకుని నేర్చుకుంటాను."

"ఆ రెండోది నీ వల్ల కాదు," అంది. చాన్నాళ్ళ తర్వాత పెదవి వంకర తిరిగింది.

నా మంచం మీది పొడుగు దిండు తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాం. పైన దుప్పటి కప్పాం. ఉత్త చెంబుతో పోయిస్తోంది. తప్పు చేస్తే చేతిమీద ఒక్కటి వేస్తోంది.

"అంత గట్టిగా రుద్దకు. నొప్పి."

"దిండుకా?"

"నాకు."

చేయి తేలిక చేశాను. చివరికి వచ్చేసరికి అడిగాను, "మాట కూడా నేర్పు."

ఆవిడ దిండు మీది దుప్పటి అంచు సర్దింది. "అది నేర్పను. నా మాట నీ నోట పెడితే నీకేమవుతుందో నాకు తెలియదు. నీ మాట నాకు పనికొస్తుందో లేదో అదీ తెలియదు."

"మరేం చేయమంటావు?"

"నీకు వచ్చిందే చెప్పు. కాస్త గట్టిగా చెప్పు," అని చెంబు మళ్ళీ నా చేతిలో పెట్టింది. "మొదటినుంచి చెయ్యి."