పడవలో దేవుడు, మెట్టు మీద ముగ్గురు

పోయినవి ముందు రాస్తాను. ఇళ్ళు నలభై ఆరు. ఎద్దులు ముప్పై ఒకటి. బర్రెలు పందొమ్మిది. మేకలను ఎవరూ లెక్కపెట్టలేదు. చెరకు నూట పది ఎకరాలు పడిపోయింది. పసుపు పన్నెండు ఎకరాలు మట్టిలోనే కుళ్ళింది. మా దళానికి ఒక టార్పాలిన్, రెండు తాళ్ళు, మోటారు పంకా రెక్క ఒకటి నష్టం. మనుషులు ముగ్గురు. దేవుళ్ళు ఎవరూ పోలేదు.

బోధన్‌లో మా గల్లీ భజన మండలి వాళ్ళు ఏటా నా గుమ్మం దాకా వచ్చి, భజనకు పిలిచి పోతారు. పటాలంలో తిరిగి నాస్తికుడై వచ్చిండు అని నా వెనక చెప్పుకుంటారు. నేను నాస్తికుణ్ణి కాను. దేవుడు ఉన్నాడనే అనుకుంటున్నాను. నా కోపమంతా అందుకే. ఎందుకో ఒక్కసారి రాసి పెడితే మళ్ళీ మళ్ళీ చెప్పే పని ఉండదు.

అరవైల మొదటి సంవత్సరాలు. వానాకాలం. సికింద్రాబాదు నుంచి మూడు ట్రక్కుల్లో బయల్దేరాం. డిచ్‌పల్లి దాటేటప్పటికి సాయంత్రం నాలుగు. నిజామాబాదులో డీజిల్ నింపుకున్నాం. అక్కడి నుంచి బోధన్ చేరడానికి మూడు గంటలు పట్టింది. రోడ్డు రెండు చోట్ల తెగింది. వాన ఆగలేదు. ఒక బడిలో పడుకున్నాం. నేను పుట్టిన ఎడపల్లి అక్కడికి దగ్గరే. ఇంటికి పోయి రావడానికి అనుమతి అడగలేదు. పడవ దించాల్సిన పని ఉంది.

పొద్దున ఆరింటికి మంజీర ఒడ్డుకు చేరాం. ఒడ్డు అనేది లేదు. నది ఎక్కడ ఆగిందో, పొలం ఎక్కడ మొదలైందో తెలియలేదు. బురద నీళ్ళ మీద చెరకు కొసలు మాత్రం కనబడుతున్నాయి. మైలున్నర దూరంలో దిబ్బ మీద ఒక ఊరు. ఆ ఊరి పేరు రాయను. ఇళ్ళు అప్పటికే సగం కూలాయి. దిబ్బ నడుమ గుడి, దాని చుట్టూ జనం.

మాకిచ్చిన సామాను: చెక్క పడవ ఒకటి, దానికి మోటారు, రెండు గెడలు, నాలుగు తాళ్ళు, ఒక టార్పాలిన్, ఒక వైర్‌లెస్ సెట్టు. పడవలో మేము ముగ్గురం. ముందర గెడ పట్టుకుని హవల్దారు. ఆయనది పండరిపురం వైపు. వెనక మోటారు దగ్గర మలయాళీ సిపాయి. నడుమ నేను, లాన్స్ నాయక్‌ని. ఎంతమందిని ఎక్కించాలో చూడడం నా పని. నాలుగో తరగతితో చదువు ఆగింది. చిన్నప్పటి నుంచి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు తోలినవాణ్ణి. ఇరుసు ఎంత వంగిందో చూసి బండి బరువు చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. పడవకు పక్కన తెల్ల గీత ఉంటుంది. నీళ్ళు ఆ గీత దాటితే పడవ దక్కదు. మా ముగ్గురు కాక తొమ్మిది మంది. అంతే.

నేరుగా పోదామంటే కుదరదు. చెరకు ఆకు పంకాకు చుట్టుకుని మోటారు ఆగిపోతుంది. బండి బాట మీదుగా వంకర తిరిగి పోవాలి. పోయి, ఎక్కించుకుని, వచ్చి, దించడానికి గంట పట్టేది. పొద్దటి ట్రిప్పుల్లో పిల్లలను, ఆడవాళ్ళను, ముసలివాళ్ళను రోడ్డు మీదికి చేర్చాం. పిల్లలను ఒళ్ళో కూచోబెట్టుకుంటే ట్రిప్పుకు ఎక్కువమందే పట్టారు.

పన్నెండు గంటలకు రోడ్డు మీద వైర్‌లెస్ పలికింది.

"ఎగువ నుంచి రెండో వరద. మూడున్నరకు మీ దగ్గర ఉంటుంది. ఓవర్."

ఆపరేటరు నా వైపు చూశాడు. "ఇంకా ఎంతమంది?"

"ఇరవై ఏడు."

"ఎన్ని ట్రిప్పులు?"

"మూడు. మూడింటికి అయిపోతుంది."

"అయితే చాయ్ తాగి పో" అని గ్లాసు ఇచ్చాడు.

దిబ్బ దగ్గరికి పోయేసరికి జనం వరసలో లేరు. గుడి ముందు గోనెసంచుల మీద రెండు నల్లరాతి విగ్రహాలు ఉన్నాయి. విఠలుడు, రుక్మిణి. పొద్దటి నుంచి గడ్డపారలతో గద్దె మీంచి పెకిలించి, మంచం నులకతో కట్టి సిద్ధంగా పెట్టారు.

పటేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ముందుగాల దేవుడు దాటాలె సారూ. ఆయన ఎక్కక ముందు మేం పడవల కాలు పెట్టం."

"పటేలా, గివి రాళ్ళు" అన్నాను. "రెండూ కలిస్తె ముగ్గురు మనుషుల బరువు. గవి ఎక్కితె ఆఖరుకు ముగ్గురు మిగులుతరు. మూడున్నరకు ఇంకో వరద వస్తున్నది."

"నువ్వు ఏ ఊరోనివి?"

"ఎడపల్లి."

"ఎడపల్లోనివై గిదేం మాట? దేవుణ్ణి తూకమేస్తున్నవా?"

"పోనీ ఒక్క విగ్రహం ఎక్కియ్యుండ్రి. ఇంకోటి నీళ్ళు తీసినంక వస్తది."

పూజారి ముందుకొచ్చాడు. "ఆలుమొగలను ఇడదీస్తవా నాయనా?"

ఇరవై ఏడు మందిలో ఇరవై నలుగురు ఆ మాటకు తల ఊపారు. మిగిలిన ముగ్గురు అక్కడ లేరు. దిబ్బ వాలులో, నీళ్ళ అంచున, వేరుగా నిలబడి ఉన్నారు. సాయిలు, అతని భార్య గంగు, తల్లి లచ్చవ్వ. ఊరవతల మాదిగవాడ వాళ్ళు. వాడ పల్లంలో ఉంది కాబట్టి మొదట మునిగింది అదే. వాడలో మిగతావాళ్ళు నడుము లోతు నీళ్ళలో ముందే రోడ్డెక్కారు. సాయిలు పోలేదు. డప్పు పట్టుకుని ఊళ్ళోకి వచ్చి ఇల్లిల్లూ లేపాడు. అతన్ని వదిలి తల్లీ భార్యా పోలేదు. పొద్దున ఆడవాళ్ళ ట్రిప్పుల్లో వాళ్ళిద్దరినీ నేనే పిలిచాను. పడవలో కూచున్నవాళ్ళు చీరలు దగ్గరికి లాక్కున్నారు గాని చోటు ఇవ్వలేదు. "సాయిలుతోనే వస్తం తీయి" అని లచ్చవ్వే వెనక్కి జరిగింది.

నేను హవల్దారు వైపు చూశాను. ఆయన అప్పటికే బూట్లు విప్పుతున్నాడు. ఆ బురదలో, ఆ వానలో, బూట్లు విప్పి పక్కన పెట్టి దణ్ణం పెట్టాడు.

"సాబ్, ముగ్గురి చోటు పోతుంది" అన్నాను హిందీలో.

"పాండురంగని బరువు చూస్తున్నావా నువ్వు? ఎత్తు."

వాలులోంచి లచ్చవ్వ అరిచింది. "మిలట్రీ బిడ్డా! దేవునికి ఈత రాదేమో, ముందుగాల ఆయననే దాటియ్యి! మాకూ రాదనుకో. గాని మేం మునిగితె మల్ల గుడి కట్టే ఖర్సుండది!"

వరసలో ఇద్దరు నవ్వారు. పటేలు నవ్వలేదు.

ఎక్కించాం. రెండు రాళ్ళు, పూజారితో కలిపి ఆరుగురు మనుషులు. నీళ్ళు సరిగ్గా తెల్ల గీతను తాకాయి. నా అంచనా తప్పలేదు. ఊరికి వీపు పెట్టకూడదని పూజారి పట్టుబట్టి దేవుణ్ణి దిబ్బ వైపు తిప్పించాడు. బల్లకు కట్టి నిలబెట్టాం. ఆయన మోకాళ్ళు నా మోకాళ్ళకు తగులుతున్నాయి. చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడే దేవుడు ఆయన. కూలీల మీద పెత్తనం చేసేవాడు గట్టు మీద నిలబడి చూసినట్టు ఉంటుంది.

నేను తల తిప్పి ఆయన చూసే వైపే చూశాను. దిబ్బ మీద ఇరవై ఒక్కరు. నాలుగు ఫర్లాంగులు వచ్చాక అందరూ ఒకే ఎత్తు అయ్యారు. పటేలు ఎవరో, సాయిలు ఎవరో తెలియలేదు. నల్లగా, నిలువుగా ఇరవై ఒక్క పుల్లలు. మనం ఆయన బిడ్డలమని భజనల్లో పాడతారు. చీమలమని ఇంకొందరంటారు. నేను ఆయన పక్కన కూచుని చూశాను. అంత దూరం నుంచి చూసేవాడికి కులం కనబడదు, భక్తి కనబడదు. ఎంతమంది ఉన్నారన్నది ఒక్కటే కనబడుతుంది. ఇరవై ఒక్కరు. రెండు ట్రిప్పులు పోగా ముగ్గురు. ఈ లెక్క ఆయనకు నాకంటే ముందు తెలియాలి. ఆ ముగ్గురి బరువు ఆయనే కాబట్టి.

రోడ్డు మీద దించాం. మాకున్న ఒక్క టార్పాలిన్ దేవుళ్ళ మీద కప్పారు. పిల్లలు చుట్టూ వానలో నిలబడ్డారు. ఒక తల్లి బిడ్డ తలను టార్పాలిన్ అంచు కిందికి తోయబోతే పూజారి కసిరాడు.

రెండో ట్రిప్పులో తొమ్మిది మంది. మూడో ట్రిప్పుకు దిబ్బ చేరేసరికి రెండు దాటింది. అక్కడ పన్నెండు మంది. పటేలు ముందు నిలబడి తనవాళ్ళను లెక్కపెట్టి ఎక్కించాడు.

"సాయిలూ, నా జాగల నువ్వు రా" అన్నాను.

"మా అవ్వను, దీన్ని ఇడిసి నేనొక్కణ్ణి వస్తనా అన్నా?"

హవల్దారుకు చెప్పాను. "సాబ్, నేను ఇక్కడ ఆగుతాను. నా బదులు ఒకరు ఎక్కుతారు."

"ముగ్గురు లేకుండా ఈ పడవ నడవదు. కూచో."

ఆ మాట నిజమే. గెడ పట్టేవాడు, మోటారు చూసేవాడు, ప్రతి వంకర దగ్గర ఆకు కోసేవాడు, ముగ్గురూ కావాలి. ముగ్గురిని అదనంగా ఎక్కించినా నిజంగానే మునుగుతాం. నా లెక్కలో తప్పు లేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వేసినా అదే వస్తుంది. మొదటి ట్రిప్పులో తొమ్మిది మంది మనుషులు ఎక్కి ఉంటే ఇప్పుడు దిబ్బ ఖాళీ.

పడవ కదిలింది. నేను లేచి అరిచాను.

"సాయిలూ! మేం వచ్చేదాక ఆగకు! నీళ్ళు పెరిగితె గుళ్ళెకు పోండ్రి! గద్దె ఎక్కుండ్రి!"

సాయిలు నవ్వాడు. "గుళ్ళెకా? మేమా?"

"దేవుడు లేడు గదా, ఎక్కుండ్రి!"

పటేలు నా వైపు తిరిగాడు. "ఏం మాట సారూ గది? రేపు మల్ల దేవుడు కూసునే జాగ." తర్వాత దిబ్బ వైపు చెయ్యెత్తి అరిచాడు. "సాయిలూ, గడప దాటకుండ్రి! పడవ మల్ల వస్తది!"

ఆ ముగ్గురూ రెండు మాటలూ విన్నారు.

పటేలును, ఆయనవాళ్ళను దించి వెంటనే తిరిగాం. మూడు గంటల ఐదు నిమిషాలు. వరద మూడున్నరకు అన్నారు. ఇరవై నిమిషాలకే వచ్చింది. మొదట శబ్దం వచ్చింది. తర్వాత వేళ్ళతో పీకిన చెరకు గుబుర్లు అడ్డంగా వచ్చి పడ్డాయి. పంకాకు ఆకు చుట్టుకుంది. రెక్క విరిగింది. హవల్దారు గెడతో, నేను తాడుతో ఒక చింతచెట్టును పట్టుకుని పడవను ఆపాం. అక్కడి నుంచి గుడి ఒక ఫర్లాంగు.

వాలు మునిగింది. ముగ్గురూ గుడి మెట్లెక్కారు. ఏడు మెట్లు. ఆఖరి మెట్టు మీద ఆగారు. గడప వాళ్ళ ముందే ఉంది. తలుపులు తెరిచే ఉన్నాయి. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. సాయిలు తల్లిని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. గంగు ఒక చేత్తో అతని ధోతి పట్టుకుంది. నేను గొంతు పోయేదాకా అరిచాను. మలయాళీ సిపాయి తన భాషలో అరిచాడు. నడుము దాకా నీళ్ళు వచ్చాయి. వాళ్ళు గడప వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక పెద్ద గుబురు వచ్చి మెట్లకు తగిలింది. అది పోయాక మెట్ల మీద ఎవరూ లేరు.

నాలుగున్నరకు గెడలతో తోసుకుంటూ గుడి చేరాం. నేను బూట్లతోనే లోపలికి పోయాను. గర్భగుడిలో నీళ్ళు మోకాలి లోతు ఉన్నాయి. మూడు వైపులా గోడలు కాబట్టి నీళ్ళు కదలడం లేదు. ఛాతీ ఎత్తు గద్దె పొడిగా ఉంది. దాని మీద కర్పూరం మసి, విగ్రహాలు పెకిలించిన రెండు గుంతలు. జేనతో కొలిచాను. ముగ్గురు కూచోవడానికి చోటు ఉంది. కాళ్ళు కూడా తడవవు.

హవల్దారు గడప బయటే ఉన్నాడు. అక్కడి నుంచే అన్నాడు. "పాండురంగని ఇష్టం."

"అయితే ఆ ముగ్గురూ ఆయనకు అక్కర్లేదన్నమాట. మీరే అంటున్నారు సాబ్."

ఆయన గెడ తీసుకుని పడవ వైపు పోయాడు.

గంగు రెండు రోజుల తర్వాత చెరకు తోటలో దొరికింది. మిగిలిన ఇద్దరు దొరకలేదు. ఆరో రోజు నీళ్ళు తీశాయి. ఎడ్లబండి మీద దేవుళ్ళను ఊళ్ళోకి తీసుకుపోయారు. డప్పు కొట్టడానికి పక్క ఊరి నుంచి మనిషిని పిలిపించారు. నేను బూట్లతో తొక్కినందుకు గుడిని పాలతో కడిగారు. టార్పాలిన్ తిరిగి ఇవ్వలేదు. దేవుని మీద కప్పింది ఎట్ల ఇస్తం అన్నారు. పటేలు మా హవల్దారుకు శాలువా కప్పాడు. ఏడో రోజు ట్రక్కులెక్కి సికింద్రాబాదు పోయాం.

ఆ తర్వాత రెండు సరిహద్దుల్లో పనిచేశాను. చావులు చూశాను. అవి మనుషులు మనుషులకు చేసినవి. వాటి మీద నాకు వేరే కోపం ఉంది. దేవుడు మనల్ని ఎట్లా చూస్తాడని మాత్రం అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. మనం చేసింది చూసి ఆయనకు అసహ్యం పుట్టి ఉండాలి. అసహ్యం పుట్టినవాడు అదే గద్దె మీద మళ్ళీ ఎట్లా నిలబడ్డాడు? ఒకవేళ సంతోషించి ఉంటే? తన కోసం ముగ్గురు చచ్చినా గడప దాటలేదని మెచ్చుకుని ఉంటే? భజన మండలి వాళ్ళు దీనికి జవాబు చెబితే మరునాడే తాళాలు పట్టుకుని భజనకు వస్తాను.

కళ్ళు మూస్తే వచ్చేది వరద కాదు. సాయిలు భుజాల మీద లచ్చవ్వ. ఆమె తల గుమ్మం పైకమ్మీకి తగలబోతోంది. చెయ్యి చాపితే తలుపు అందుతుంది. ఆ చెయ్యి చాపకుండా, కమ్మీకి తగలకుండా తల వంచుకుంది.

ఎకరాలకు సర్కారు ఎంతో కొంత ఇచ్చింది. ఎద్దులు మళ్ళీ కొన్నారు. ఇళ్ళు మళ్ళీ లేచాయి. దేవుని పేర రాసిన బాకీ మాత్రం అట్లాగే ఉంది. ముగ్గురు.