నీళ్లు తాగని నూకాలు

జాలారిపేట నూకాలు పొద్దున్నే హార్బర్లో చేపలు కొని, పెందుర్తి కాలనీల్లో గడపగడపకూ తిరిగి అమ్ముతుంది. ముప్పై ఏళ్లుగా ఆమెది ఒకటే నియమం: గంప నెత్తికెత్తాక ఇంటికొచ్చేదాకా చుక్క నీరు ముట్టదు. తాగితే ఎక్కడికెళ్లాలి? చేపలమ్మిని బాత్రూములోకి రానిచ్చే ఇల్లేది?

ఆ అలవాటునే ఆషాఢ పున్నమికి సింహాచలం గిరిప్రదక్షిణకూ మోసుకెళ్లింది. కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు. దారి పొడవునా మజ్జిగ, మంచినీళ్లు పిలిచి మరీ ఇస్తున్నారు. ఆడపడుచు కాసులమ్మ ఆగిన చోటల్లా తాగి, "నువ్వూ తాగొదినా" అంది.

నూకాలు మూతి తిప్పింది. "తాగుతూ కూకుంటే ఎప్పుడెల్తామే? నీకన్నా ముందు నాను దండమెట్టుకోపోతే నా పేరు నూకాలు కాదు!" ఆ ఉక్కపోతలో పరుగులాంటి నడక నడిచి, అన్నంత పనీ చేసింది మొండిఘటం.

మర్నాడు తొడలు రాళ్లయ్యాయి. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగింది. ఆపై ఒంటికి వెళ్తే డికాక్షన్ రంగులో వచ్చింది, అదీ కాసింతే. ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటారు? కాళ్లు ఉబ్బాక కోడలు ధనలక్ష్మి నిలదీసి ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టరు రమణమూర్తి పరీక్షలు చూసి తల పట్టుకున్నాడు. "నీళ్లు లేకుండా ఆ నడకేంటమ్మా? కండలు చితికి, అందులో సరుకంతా రక్తంలో కలిసింది. అది వడకట్టలేక కిడ్నీలు పూడుకుపోతున్నాయి. పైన నొప్పి బిళ్లలొకటి!"

"సేపల పొలుసులడ్డుపడి తూము మూసుకుపోయినట్టా బాబూ?"

"అచ్చం అంతే. సెలైన్ ఎక్కిస్తాం. మూత్రం బాగా వస్తే సరే, రాకపోతే డయాలసిస్."

డయాలసిస్ అనగానే నూకాలుకి పైడయ్య గుర్తొచ్చాడు. వాళ్ల వీధివాడే, వారానికి మూడుసార్లు ఆ మిషను దగ్గరికెళ్తూ చేపల వేటకే దూరమైపోయాడు. గంప దిగితే తనింకెవరు? భయమేసింది, నిజంగానే భయమేసింది. నర్సు మూత్రం సీసాలో కొలిచినప్పుడల్లా కాసులమ్మ సింహాద్రి అప్పన్నకి దండాలు పెట్టింది. మూడోరోజు రంగు తేరింది, సీసా నిండింది. "ఒచ్చిందొదినా!" అని ఆమె అరిచిన అరుపుకి వార్డంతా నవ్వింది.

రెండు నెలలకి మళ్లీ గంపెత్తింది, ఈసారి నీళ్ల సీసాతో. పదింటికల్లా పొత్తికడుపు బిగిసింది. ఇరవై ఏళ్లుగా తన దగ్గరే చేపలు కొనే సూర్యకళమ్మగారి గుమ్మంలో గంప దించింది.

"ఏం తెచ్చావే?"

బేరంలో ఎవరికీ తగ్గని గొంతు సన్నబడింది. "సేపల సంగతి తర్వాత సెప్తానమ్మా. మీ బాత్రూమొకసారి వాడుకుంటాను."

సూర్యకళ చేపనీళ్లకి తడిసిన ఆమె చీరకేసి చూసింది. తలుపు పూర్తిగా తీసి పక్కకు జరిగింది. "ఇన్నేళ్లూ అడగలేదేమే?"

"మీరూ అడగలేదు కదమ్మా," అని నూకాలు గడప దాటింది.