తారు రోడ్డు మీద చెక్కభజన

మొన్న పొద్దున కాఫీ కలుపుకుంటుంటే ఫోను మోగింది. గొంతును బట్టి పాతికేళ్లు దాటని పిల్లవాడు. ప్రొద్దుటూరులో ప్రభుత్వం వారి ఉత్సవం ఉందట, ఏర్పాట్లు చూసే ఈవెంట్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాడట. "మేడం, మీ సొంతూర్లో లేడీస్ చెక్కభజన టీం ఉండేదంట కదా, వెల్‌కమ్‌కి పంపిస్తారా? పసుపు చీరలైతే ఫొటోల్లో బాగుంటుంది" అన్నాడు. పాత టీచరమ్మ అని ఎవరో నా నెంబరు ఇచ్చినట్టున్నారు. ఆ పిల్లవాడిని తిట్టి ఏం లాభం? "ఆ టీం ఇప్పుడు లేదు నాయనా" అని పెట్టేశాను. పెట్టేశానే గానీ సాయంత్రం దాకా ఒళ్లు మండుతూనే ఉంది. ఎందుకు లేదో అతను అడగలేదు. అడగకపోయినా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పెద్దముడియం దగ్గర పల్లె మాది. అక్కడ మా చిన్నాయన చెక్కభజన గురువు. చేతికి ఇమిడే రెండు కొయ్య చెక్కలు, వాటిలో గలగలలాడే ఇత్తడి బిళ్లలు, కాళ్లకు గజ్జెలు, నోట రాముడి పాట, అంతే సరంజామా. చిన్నాయన కందికట్టెలాగా సన్నగా ఉండేవాడు. నేను ఉద్యోగం చేసి రిటైరైనా ఆయనకు 'పాప'నే. అడుగు తప్పినవాళ్లను ఆయన తిట్టే తిట్లు వినడానికే సగం ఊరు వచ్చి కూర్చునేది. "ఏందిమే, కల్లంలో ఎద్దు తిరిగినట్ల తిరుగుతాండావు!" అని అరిచి, మరుక్షణం తానే లేచి ఆ అడుగు వేసి చూపించేవాడు. ఆ వేసి చూపించడంలో వయసంతా ఎటు పోయేదో తెలిసేది కాదు. మగవాళ్లంతా ప్రొద్దుటూరు అంగళ్లకూ కువైట్‌కూ వెళ్లిపోయాక కొన్నేళ్లు భజన ఆగిపోయింది. డెబ్బై దాటినాక ఆయనకు ఉన్నట్టుండి పట్టుదల వచ్చింది. "మగోళ్లు పోతే ఏమాయ, ఆడోళ్లకు కాళ్లు లేవా?" అన్నాడు.

మొదట చెక్కలు పట్టింది మా వదిన. ఆమె వెనక తక్కిన ఆడవాళ్లు వచ్చారు. పగలంతా శనగచేలల్లో కూలికి పోయి, పొద్దు వాలాక వంట ముగించుకుని రామాలయం ముందుకు చేరేవాళ్లు. కువైట్‌లో కార్లు నడిపి తిరిగొచ్చిన ఒక ముస్లిం పెద్దాయన డోలక్ వాయించేవాడు. ఊరందరికీ ఆయన డోలక్ మామే. ఇళ్లల్లో మొగుళ్లు సణిగారు, అత్తలు మూతులు తిప్పారు. చిన్నాయన అందరికీ ఒకటే మాట చెప్పాడు: "సర్కారోళ్ల స్టేజీ ఎక్కిస్తా. అప్పుడు మీ మొగుళ్లే ముందర వరసలో కూచోని చూస్తారు." ఆ మాట పట్టుకుని వాళ్లు రెండేళ్లు నేర్చుకున్నారు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది, తన గురువు నుంచి వచ్చింది. గజ్జె కట్టాక భజన ఆడి మంగళం పాడేదాకా విప్పకూడదు. కాళ్లకు గజ్జెలున్నంతసేపు చెప్పులు తొడగకూడదు, మెతుకు ముట్టకూడదు, కూర్చోకూడదు. ఆడేది ఒక పూట గనక ఎవరికీ అది కష్టమనిపించేది కాదు.

చివరికి ప్రభుత్వం వారి పిలుపు వచ్చింది. ప్రొద్దుటూరులో కళల ఉత్సవం. మార్చి నెలాఖరు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా నిధులు ఖర్చు చూపించాలి గనక మండుటెండల్లో కళలు గుర్తొచ్చాయి. మా సీమలో ఆ నెల ఎండ ఎలా ఉంటుందో సంతకాలు పెట్టినవాళ్లకు తెలియదనుకోను. పొద్దున్నే వ్యాను వచ్చి వీళ్లను తెచ్చి మైదానం గేటు ముందు దించింది. గేటు మీద ఇల్లంత ఫ్లెక్సీ, దాని మీద ఎక్కడివాళ్లదో చెక్కభజన బొమ్మ. ఒక అధికారి వచ్చి "ముఖ్య అతిథి వచ్చేస్తున్నారు, రెడీ అవండి" అన్నాడు. సర్కారు మనిషి వస్తున్నారంటే వస్తున్నారనే చిన్నాయనకు అర్థం. నేలకు మొక్కించి అందరికీ గజ్జెలు కట్టించేశాడు.

ఆ వచ్చేస్తున్న మనిషి మధ్యాహ్నం దాటినా రాలేదు. షామియానా లోపల ఉంది, గేటు బయట తారు రోడ్డు. వట్టి కాళ్లతో ఆడవాళ్లు ఆ రోడ్డు మీద ఒక కాలు మార్చి ఒక కాలు పెట్టుకుంటూ నిలబడ్డారు. పులిహోర పొట్లాలు వస్తే ఒక్కరూ ముట్టలేదు. పంచేవాడికి కోపమొచ్చి "ఇస్తే తీసుకోరు, తర్వాత ఇవ్వలేదంటారు" అని గొణుక్కుంటూ పోయాడు. అది రంజాన్ నెల, డోలక్ మామ రోజాలో ఉన్నాడు. గుక్కెడు నీళ్లు మింగకూడని ఆ మనిషి అంగడికి పోయి నీళ్ల సీసాలు కొనుక్కొచ్చి, వాళ్ల కాళ్ల కింద రోడ్డు మీద పోస్తూ తిరిగాడు. పోసిన నీళ్లు పోసినట్టే ఆరిపోయేవి. తర్వాత కార్లు వచ్చాయి. చిన్నాయన ప్రార్థన ఎత్తుకుని పల్లవి సగంలో ఉండగానే అవి లోపలికి పోయాయి. ఒక అద్దం కూడా దిగలేదు. ఫొటోగ్రాఫరు మాత్రం వంగి, లేచి, తనకు కావలసిన ఫొటోలు తీసుకున్నాడు. గేటు మూసేశారు.

స్టేజీ మీద వీళ్ల ఆట చూద్దామని వచ్చి, బయటి సంగతి తెలియక లోపల కుర్చీలో కూర్చున్న నేను, వీళ్లు రాకుండానే గేటు మూయడం చూసి బయటికి పరుగెత్తాను. చిన్నాయన అధికారితో మాట్లాడుతున్నాడు.

"మీది స్వాగతమే కదా పెద్దాయనా, అయిపోయింది" అన్నాడు అధికారి.

"యాడయిపోయిందప్పా? మొదులే పెట్టలేదు. ఏదో ఒక మూల ఇంత చోటియ్యండి. ఒక్క పాట ఆడి, మంగళం పాడుకోని పోతాం. గజ్జెలు ఇప్పల్ల గదా."

"స్టేజీ టైమంతా సినిమా పాటల వాళ్లది. మాదేం లేదు, ఈవెంట్ కంపెనీ చూసుకుంటోంది."

నాకు ఒళ్లు తెలియలేదు. "కళలకని వచ్చిన నిధులు లైట్లకూ యాంకర్లకూ పోసి, కళాకారులకు తారు రోడ్డా?" అని అరిచాను. అతను నన్ను జాలిగా చూశాడు. "మేడం, జనం రావాలి కదా. వీళ్ల కోసం ఎవరొస్తారు చెప్పండి?" అన్నాడు. ఆ మాటకు సమాధానాలు నాకు అప్పటినుంచీ తోస్తూనే ఉన్నాయి. చెక్కభజన బొమ్మ గేటు మీద పెట్టుకుని, వీళ్ల పేరు చెప్పి నిధులు తెచ్చుకుని, వీళ్ల కోసం ఎవరొస్తారని వీళ్ల ముందే అడగడానికి ఎంత ధైర్యం కావాలి!

పొద్దున తెచ్చిన వ్యాను అతిథుల పని మీద పోయిందన్నారు. అందరం జమ్మలమడుగు బస్సెక్కాం, గజ్జెలతోనే. ఎవరూ కూర్చోలేదు. "అమ్మా, ఆ గజ్జెలు ఇప్పేయండి. బ్రేకేసినప్పుడల్లా బండి యాడన్నా ఊడిందేమోనని గుండె గుభేలంటాంది" అన్నాడు కండక్టరు. ఆ ఏడుపులోనూ వదిన నవ్వింది. జమ్మలమడుగులో దిగి ఆటోలు మాట్లాడుకుని, పొద్దు గుంకే వేళకు ఊరు చేరాం. డోలక్ మామ ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, డోలక్ మెడకు తగిలించుకున్నాడు. బొబ్బలెక్కిన కాళ్లతో ఆ ఆడవాళ్లు రామాలయం ముందు భజన మొత్తం ఆడారు. ఊరంతా నిలబడి చూసింది. నేను చూసిన భజనల్లో అంత కోపంగా ఆడింది అదొక్కటే. మంగళం పాడి, గజ్జెలు విప్పి, చిన్నాయన ముందు పెట్టి ఇళ్లకు పోయారు.

మర్నాడు పొద్దు వాలాక చిన్నాయన చెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఆఖరికి వదిన కుంటుకుంటూ వచ్చింది.

"నీ మీద కోపం లేదు మామా. 'కార్లకు దండం పెట్టను నేర్చుకున్యారా రెండేండ్లు?' అంటాండాడు మా ఇంటాయన. నేనేం చెప్పాల? ఆయప్ప అన్నది అబద్ధమా?"

"అబద్ధం గాదులేమ్మా" అన్నాడు చిన్నాయన. నేను అక్కడే ఉన్నాను. ఎంత మాటనైనా తిప్పికొట్టే మనిషి ఆ మాట ఒప్పుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కూడా ఆయన కొన్నాళ్లు సాయంత్రాలు అక్కడికి వెళ్లి కూర్చున్నాడు. వేసవి పోయింది, శనగలు విత్తారు, కోశారు. మరుసటి ఎండలు రాకముందే చిన్నాయన పోయాడు. ఆ మార్చిలో ప్రొద్దుటూరులో ఉత్సవం మళ్లీ జరిగింది, నిధులు పెంచామని మైకులో చెప్పారట. పెంచుకోనీ. ఏ ప్రభుత్వమైనా ఏడాదికొకసారి కొత్తగా మొదలుపెట్టుకోగలదు. ఆ ముసలాయనకు మాత్రం మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకో రెండేళ్లు ఎవరూ మంజూరు చేయలేదు.