త్రినాథరావు గారి నల్ల అట్ట

కదిలే బొమ్మ మీద అక్షరం కనబడితే త్రినాథరావు గారు తమ పెరట్లోకి పరాయివాడి గేదె దూరినట్లు లేచి నిలబడేవారు. ఆంగ్లం, తెలుగు, హిందీ అన్న భేదం లేదు. వార్తల అడుగున పరుగెత్తే వాక్యమైనా సరే, క్రికెట్టు స్కోరైనా సరే, దాన్ని కప్పిపెట్టేదాకా ఆయనకు కుదురుండేది కాదు.

ఆశ్చర్యం ఏమిటంటే, ముప్పయ్యేళ్లపాటు ఆయనకు అన్నం పెట్టినవి ఆ అక్షరాలే. మొదట మద్రాసులో, తరువాత ఫిల్మ్‌నగర్‌లో ఆయన సినిమాలకు టైటిల్స్ రాశారు. నల్ల అట్ట మీద తెల్లరంగు కుంచెతో ఆయన హీరో పేరు రాస్తే హాలులో ఈలలు పడేవి. కంప్యూటర్లు వచ్చి ఆ పని పోయింది, అట్టలు మాత్రం కట్టలుగా మిగిలాయి. వాటినే బద్దలుగా కోసి టీవీ తెర అడుగున అంటించేవారు. ఎక్కడికి వెళ్లినా సంచిలో ఒక బద్ద సిద్ధంగా ఉండేది.

"స్కోరు మూసేస్తే ఎవరు గెలుస్తున్నారో తెలిసేదెలాగండీ?" అని ఒకసారి అడిగాను.

"ఆడేవాళ్ల మొహాలు చూడండి."

"చూసి చెప్పండి మరి."

"మనవాళ్లు ఓడిపోతున్నారు."

"దానికి మొహాలు కూడా అక్కర్లేదు లెండి!"

ఆదివారాలు ఆయన ఇంట్లో చేరి సినిమాలు చూసే మా బృందంలో షేక్‌పేట బాలనర్సయ్య గారు ఒకరు. తాతల నాటి జొన్నచేలు హైటెక్ సిటీ పుణ్యమా అని అద్దాల మేడలుగా మారగా, చదువుసంధ్యలు లేని ఆ రైతు మూడంతస్తుల ఇంటికి యజమాని అయ్యారు. అంతటి మనిషి ఒకనాటి ఉదయం త్రినాథరావు గారి వరండాలో దిగులుగా కూర్చున్నారు.

"పెండ్లై ఆర్నెల్లాయె రావ్ సాబ్. కోడలు మా ఇంట్ల ఒక్కనాడు నవ్వలే. కొడుకుదేమో రాత్రి డ్యూటీ. నేనేమన్న అడిగితే 'ఏం లేదండీ మామయ్యగారూ' అంటది. గా పిల్ల 'అండీ' అన్నప్పుడల్ల నాకు ఏదో ఆఫీసుల కూసున్నట్టు అయితది."

కోడలు సాయిసుధది భీమవరం. హాస్టల్లో ఉన్నప్పుడు జపాన్ కార్టూను సినిమాలంటే ప్రాణం పెట్టేదని కొడుకు చెప్పాడట. వాటిలో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని తెప్పించాలని మామగారి తాపత్రయం. త్రినాథరావు గారి మేడమీద అద్దెకుంటున్న నాగసాయి కంపెనీ పని మీద లండను వెళ్తుంటే ఆ బాధ్యత అతనికి అప్పగించారు.

డిస్కు వచ్చింది. ఆదివారం సాయంత్రం బాలనర్సయ్య గారి హాల్లో అందరం చేరాం. సాయిసుధ సోఫా అంచున, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్లు కూర్చున్నది. మామగారు మిర్చిబజ్జీల పళ్లెం పట్టుకుని ఆమె ముఖం వంకే చూస్తున్నారు. నాగసాయి మీట నొక్కాడు. ఈ ప్రాంతంలో ఈ డిస్కు ఆడదని తెర ప్రకటించింది.

భూగోళాన్ని ఆరు ముక్కలు చేసి, లండనును, జపానును ఒక ముక్కలోనూ మనల్ని వేరొక ముక్కలోనూ పడవేసిన మహానుభావులు ఎవరో నాకు తెలియదు. అది సముద్రాలను చూసి చేసిన విభజన కాదు, సంతలను చూసి చేసినది. డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవాడి ఇంట్లో పనిచేయరాదని ఏ ధర్మశాస్త్రం చెప్పింది? ఆ డిస్కు రసీదు, డబ్బాలోని హెచ్చరిక కాగితం నకలు నా దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఎవరైనా వాదనకు రావచ్చు.

నాగసాయి పరుగున వెళ్లి తన కంప్యూటరు తెచ్చి టీవీకి తగిలించాడు. అంతలోనే అతని చేయి ఆగిపోయింది.

"అంకుల్, దీన్లో ప్రాంతం ఐదుసార్లే మార్చుకోనిస్తారు. నేను నాలుగు వాడేశాను. ఇప్పుడు మారిస్తే ఇక ఎప్పటికీ అదే. ఇక్కడ కొన్న డిస్కులు దీన్లో ఆడవు."

"వద్దులెండి, పర్లేదండీ" అని సాయిసుధ లేవబోయింది.

బాలనర్సయ్య గారు బజ్జీల పళ్లెం ఆమెకు అడ్డంగా చాపారు. నాగసాయి ఆమెను చూశాడు, ఆయనను చూశాడు, కళ్లు మూసుకుని మార్చేశాడు.

బొమ్మ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోగా దాని అడుగున ఆంగ్ల అక్షరాలు వచ్చాయి. త్రినాథరావు గారు లేచారు.

"తీసెయ్యి నాగసాయీ."

"తియ్యనివ్వట్లేదండీ. జపాన్ మాటలు పెడితే ఈ అక్షరాలు ఉండి తీరాలట. ఇంగ్లీషు మాటలు పెడితే పోతాయి."

"ఆ గొంతులు బాగోవండీ" అన్నది సాయిసుధ మెల్లగా.

త్రినాథరావు గారు సంచిలో చేయి పెట్టారు. "ఇవాళొక్కరోజు వదిలేయండి, మీకు పుణ్యముంటుంది" అని చెవిలో బతిమాలాను. వినిపించుకోలేదు. అట్ట అంటించేశారు. తెర మీద పచ్చటి కొండ, చెరువు, ఒక చిన్నపిల్ల, ఆ పిల్ల ఎదుట బోదురుకప్ప లాంటి ఆకారం. మాటలన్నీ జపాను భాషలో ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. బజ్జీలు చల్లారుతున్నాయి. సాయిసుధ ముఖంలో చలనం లేదు. ఆ మనిషిని పీక పట్టుకుని బయటికి ఈడ్చాలన్నంత కోపం వచ్చింది నాకు.

అప్పుడు త్రినాథరావు గారు గొంతు సవరించుకుని, కప్ప నోరు తెరిచినప్పుడల్లా తామే మాట్లాడసాగారు. పుట్టింది కాకినాడలో, ఎత్తుకున్నది తెలంగాణ యాస.

"ఏందే బిడ్డా, గిక్కడికి గెందుకు గొచ్చినవు?"

"ఆగున్రి రావ్ సాబ్!" బాలనర్సయ్య గారు తట్టుకోలేకపోయారు. "అన్నిటికీ గ తగిలిస్తే అయితదా? కప్ప గట్ల మాట్లాడదు. జర జరుగున్రి, నేను జెప్త." పళ్లెం పక్కన పెట్టి తెర ముందుకు వచ్చి, ఒక చేయి నడుము మీద వేసుకుని, "ఓ పొల్లా! పొద్దుగూకినంక చెర్వుకాడ నీకేం పనే? మీ అవ్వకు జెప్త ఉండు!" అని గద్దించారు.

సోఫాలోంచి ఏదో చప్పుడు. తిరిగి చూశాం. సాయిసుధ నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది.

"మామయ్యగారూ... అది కప్ప కాదు. అదే వాళ్ల అవ్వ!"

"అవ్వనా? మరి మూతేంది గట్లున్నది?"

అంతే. ఆ పిల్ల సోఫాలో పక్కకు ఒరిగిపోయి కళ్ల వెంట నీళ్లు వచ్చేలా నవ్వింది. మిగిలిన సినిమా అంతా మామగారు అవ్వకు, కోడలు చిన్నపిల్లకు మాటలు చెప్పారు. ఆమెకు కథ కంఠతా వచ్చు; ఆయనకు అసలు రాదు. అందువల్ల పోట్లాట చక్కగా కుదిరింది.

తిరిగి ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతూ త్రినాథరావు గారిని నిలదీశాను. "నా ప్రాణాలు తోడేశారు కదండీ! ఏళ్ల తరబడి తిండి పెట్టిన అక్షరం మీద ఎందుకింత పగ?"

"పగేమిటండీ! నాకు వాటి కంటే అందమైనవి లేవు." ఆయన ఆగి ఆయాసం తీర్చుకున్నారు. "పోయినేడు మా ఇంట్లో ఇలాంటి అక్షరాల సినిమా ఒకటి వేశాం, జ్ఞాపకముందా? మనం చదివి నవ్వాం. బాలనర్సయ్య మన మొహాలు చూసి, క్షణం ఆగి నవ్వాడు. అరువు నవ్వు. కోడలి పక్కన కూర్చుని కూడా ఆయన అలా నవ్వాలా?"

అట్టల యుద్ధం మొదలైనది పోయినేడే అన్న సంగతి నాకప్పుడు తట్టింది.

"బాగుంది. మరి వార్తలకూ, ఆటలకూ ఎందుకు?"

"ఒక్క సినిమాకే అంటిస్తే తన కోసమేనని ఆయన కనిపెట్టెయ్యడూ?"

ఆ మరుసటి వారం బాలనర్సయ్య గారు త్రినాథరావు గారి గేటు దగ్గరే నాగసాయిని పట్టుకున్నారు. "మల్ల లండన్ ఎప్పుడు పోతవ్? ఏ దేశంది అయినా సరే, మాటలు సమజ్ గానిది తే బాబూ. సమజైతే మజా లేదు. ఇగో, గా సిన్మల అవ్వ ఉన్నదా లేదా జర చూసి తే. మా కోడలు ఆ వేషం నాకు తప్ప ఎవ్వరికీ ఇయ్యనన్నది."