మిగిలిపోయిన నలభై కప్పులు

"ఇంతకీ ఇందులో ఏం కలుపుతున్నావమ్మా?"

అడిగింది సొంత బావ, అంటే అక్క మొగుడు. అడిగిన చోటు ప్రార్థన మందిరం వెనకగది. అప్పుడామె ఉడికించిన ద్రాక్షపళ్ళను గుడ్డలో వేసి పిండుతోంది. ఆ సంఘంలో ప్రభు భోజనానికి రొట్టె కాల్చేదీ, రసం కాచేదీ ఇరవై ఆరేళ్ళుగా ఆమే. నెలకోసారి, మొదటి ఆదివారం. ఇన్నేళ్ళలో ఉప్పు తక్కువైందని కూడా ఎవరూ వంక పెట్టలేదు. రొట్టెలో ఆమె అసలు ఉప్పే వెయ్యదు.

"ద్రాక్ష, నీళ్ళు, చక్కెర," అంది చెయ్యి ఆపకుండా. "అనుమానం మాత్రం వెయ్యలేదు బావా. అది మీరు ఇంటినుంచి తెచ్చుకున్నారు."

సంఘంలో అందరికీ ఆమె రొట్టె పిన్ని. ఆమె కంటే పెద్దవాళ్ళకి కూడా. వారంలో ఆరు రోజులు ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పెనం కాగిందో లేదో ఒక నీటిచుక్క చిలకరించి, ఆ చప్పుడుతో చెప్పేస్తుంది. అది ఇస్త్రీపెట్టె నేర్పిన విద్య. తాను నున్నగా చేసిన దుప్పటి మీద ఏ ముక్కూమొహం తెలియనివాళ్ళు పడుకుంటారో ఆమెకు పట్టదు. రొట్టె ఎవరు తింటారో మాత్రం నూట నలభైమందినీ వరసపెట్టి చెప్పగలదు.

ఒకే పెనం మీది రొట్టె విరుచుకుని, ఒకే గిన్నెలో కాచిన రసం పంచుకుని, యేసు తనవాళ్ళతో చేసిన చివరి భోజనాన్ని తలుచుకోవడం ఆ ఆరాధనలో కీలకం. దాని చుట్టూ వేదాంతం బండ్లకొద్దీ ఉంది. పిన్ని దాన్ని ఎప్పుడూ విప్పి చూడలేదు. ఆమె మట్టుకు ఆమెకు అది హాజరుపట్టీ. ఈ నెల అందరూ వచ్చారా, ఎవరైనా అలిగి ఇంట్లో కూర్చున్నారా? కప్పులు చెప్పేస్తాయి.

ఇక బావ సంగతి. ముప్పై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. ప్రతి ఇంట్లోనూ ఎవడో ఒకడు దొంగ వైరు తగిలిస్తూనే ఉంటాడన్నది ఆయన ఉద్యోగధర్మం. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది, ధర్మం మిగిలింది. దానికి తోడు చేతిలో ఫోను. ఎద్దు ఈనిందని ఫోనులో వస్తే దూడను కట్టెయ్యడానికి తాడు వెతికే రకం. అలాంటి ఫోనులో ఒకనాడు ఒక గొంతు మాట్లాడింది. లోకమంతటా ప్రార్థన మందిరాల్లో ఇచ్చే రసంలో మనుషుల్ని మాట వినేలా చేసే మందు కలుపుతున్నారట. తాగినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఒక అంకె వేస్తున్నారట.

అక్కడితో ఆగితే అది నవ్వులాటే. గాజు కప్పులు పగిలిపోతున్నాయని ఆ మధ్యనే చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెప్పించారు. బావ ఒక ఖాళీ కప్పు తీసి తిరగేశాడు. అడుగున అంకె! నిజంగానే ఉంది, ఏడు. పక్కది చూశాడు, మూడు.

"చూశారా? ఎవరికి ఏది వెళుతుందో పైన ఎక్కడో రాసుకుంటున్నారు," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో.

"అది ప్లాస్టిక్ పోసే అచ్చు నంబరు బావా. మా లాండ్రీ హ్యాంగర్లకీ ఉంటుంది," అంది పిన్ని.

"హ్యాంగర్లకి కూడానా!" అన్నాడాయన, ఇంకా బెదిరిపోయి.

ఆ నెల ప్రభు భోజనం తమాషాగా జరిగింది. పెద్దమనుషులు తలవంచి, కళ్ళు మూసుకున్నట్టు నటిస్తూ కప్పు అడుగు చూడబోయారు. నిండు కప్పు అడుగు చూడాలంటే వంచాలి. వంచితే ఒలుకుతుంది. ఆరు తెల్ల చొక్కాల మీద ఊదారంగు మరకలు పడ్డాయి. మరక పోయే ఉపాయం అడగడానికి సోమవారం ఆ ఆరుగురూ లాండ్రీ గుమ్మంలోకి, పిన్ని దగ్గరికే వచ్చారు.

"అంకె కనపడిందా మరి?" అని అడిగింది ఒకాయన్ని.

"రెండు," అన్నాడు సిగ్గుపడుతూ.

"పోనీలెండి, రెండోవాళ్ళయ్యారు. మా బావ ఏడోవాడు."

పాస్టరుగారు దీనికి కనిపెట్టిన మందు ప్రసంగం. విశ్వాసం చాలనివాళ్ళకే అనుమానాలొస్తాయని గంటసేపు చెప్పాడు. భయపడ్డవాణ్ణి తిడితే భయం పోదు, మనిషి పోతాడు. ఆ నెల పంతొమ్మిది కప్పులు మిగిలాయి. పై నెల ఇరవై ఎనిమిది.

ఆ సంఘంలో ఒక పాత కట్టుబాటు ఉంది. ప్రార్థన చేసిన రొట్టే, రసమూ పారబొయ్యకూడదు. మిగిలింది పాస్టరూ, తయారుచేసినవాళ్ళూ అక్కడే ముగించాలి. ఆరో ఏడో మిగిలే రోజుల్లో ఎవడో పెట్టిన నియమం అది. ఇప్పుడు బల్ల మీద ముప్పై దాకా మిగులుతున్నా ఆ నియమాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. పాస్టరుగారికి పుల్లటిది పడదు. నాలుగు తాగి చాతీ రుద్దుకుంటాడు. తక్కినవి పిన్నివి. ఆమెకు కొద్దిగా షుగరుంది, మాత్ర వేసుకుంటుంది. పైగా ప్రభు భోజనం రోజు ఖాళీ కడుపు.

"తక్కువ చెయ్యరాదటే!" అని అక్క మొత్తుకుంది. అక్క కూడా మొగుడి పోరు పడలేక తీసుకోవడం మానేసింది.

"తక్కువ పోస్తే మీరిక రారని నేనే ఒప్పుకున్నట్టు. నూట నలభైమందికి నూట నలభై కప్పులు. అంతే."

మూడో నెల మొదటి ఆదివారం కమిటీ తన తెలివి చూపించింది. కోశాధికారి లేచి చల్లటి కబురు చెప్పాడు. ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్లున్నాయి. చిన్న కప్పులో రసం, దాని మూతలోనే బిళ్ళంత రొట్టె, పైన సీలు. ఎవరి చెయ్యీ తగలదు. సగం అడ్వాన్సు కట్టేశారు కూడా.

"వచ్చే నెల ఒక్కసారి కానివ్వండి పిన్నీ. ఆ పైనుంచి మీకు విశ్రాంతి."

"నేనడిగానా బాబూ విశ్రాంతి?"

కోశాధికారి కాగితాలు సర్దుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ పని అలా మర్యాదగా ఊడింది. ఆ రోజు నలభై నాలుగు మిగిలాయి. పాస్టరుగారు తన నాలుగూ తాగాడు. నలభై కప్పులు ఆమె ఒక్కొక్కటీ నిలబడి తాగింది. తాగి, పళ్ళెం కడిగి, వెనక మెట్టు మీదికొచ్చి కూలబడిపోయింది.

ముందు చూసింది బావే. లోపలికి రాడు కదా, అక్క కోసం బయట గోడ నీడన నిలబడి ఉన్నాడు. పరిగెత్తుకొచ్చి ఆమె తల ఎత్తిపట్టుకున్నాడు. ఒక్క క్షణం మంచి బావ. మరుక్షణం మీటరు బావ.

"చెప్పానా! నేను చెప్పానా లేదా! కాచినదే పడిపోయింది!"

పది నిమిషాల్లో వార్త వీధి చివర దాకా పాకింది. నిప్పు లేనిదే పొగ రాదన్నవాళ్ళు కొందరు, ముందునుంచీ అనుకుంటున్నామన్నవాళ్ళు అంతకు రెట్టింపు. మరదల్ని తన బండిలో క్లినిక్కి తీసుకెళ్ళింది కూడా బావే. ప్రేమ ఉంది, లేకపోలేదు. రుజువు చేతికి చిక్కబోతోందన్న ఆత్రం కూడా ఉంది.

"రక్తం తియ్యండి డాక్టరమ్మా. విషం ఏంటో తేలిపోవాలి."

డాక్టరమ్మ పిన్ని వేలు పొడిచి చిన్న మిషనులో పెట్టింది. నాలుగు వందల పన్నెండు.

"అంటే విషమేనా?"

"షుగరండీ."

బావ నమ్మలేదు. ఆయన ఉద్యోగంలో ఒక పద్ధతుంది. మీటరు మీద అనుమానం వస్తే దాన్ని తిట్టరు, పొగడరు. అదే లైనులో పక్కన ఇంకో మీటరు పెట్టి చూస్తారు. అది దొరక్కపోతే అదే మీటరును ఇంకో లైనుకు తగిలించి చూస్తారు.

"మీ మిషను చెడిపోయిందేమో. నాది పెట్టండి," అని వేలు చాపాడు.

నూట రెండు.

మీటరు పని చేస్తోంది. ఇంక దాంతో వాదన లేదు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

"పొద్దున్న ఏం తిన్నారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ తినలేదు. నలభై కప్పుల ద్రాక్షరసం తాగాను. గుప్పెడు రొట్టె ముక్కలు."

"నలభయ్యా! ఎవరు తాగమన్నారు?"

"ఎవరూ అనలేదు. మిగిలిపోయాయి." పిన్ని వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పింది. "ఎదురింటివాళ్ళవి ఐదు. డ్రైవరన్నయ్య వాళ్ళవి మూడు. అక్కది ఒకటి. మీది..."

"నాదా?" అన్నాడు బావ.

"మూడు నెలలుగా మీ కప్పు నేనే తాగుతున్నా బావా. మీరు రారుగా."

మరదలికని నర్సు ఇచ్చిన నీళ్ళ కప్పు చేతిలో ఉంటే, బావ అలవాటుగా నీళ్ళు ఒలికేలా పైకెత్తి అడుగు చూశాడు. దాని కింద కూడా ఏడు అంకే. కప్పు మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

పై నెల మొదటి ఆదివారం. పిన్ని చేసే ఆఖరి రొట్టె. మందిరంలో వెనక బెంచీ మీద బావ, ఆయన ఒళ్ళో డాక్టరమ్మ దగ్గర అరువు తెచ్చిన మిషను. పళ్ళెం రాకముందు వేలు పొడుచుకున్నాడు. "తొంభై ఎనిమిది!" అని పైకే అన్నాడు. పాస్టరుగారు ఉరిమి చూశాడు.

"ఇది పరిశుద్ధ బల్ల. ప్రయోగశాల కాదు."

"ఎవరిని వాళ్ళు పరీక్ష చేసుకుని రమ్మని ప్రతి నెలా మీరేగా అంటారు! చేసుకుంటున్నా."

సంఘం మొత్తం నవ్వింది. కొన్ని నెలల తర్వాత ఆ గోడల మధ్య అది మొదటి నవ్వు. నవ్వు సద్దుమణిగాక పళ్ళెం వచ్చింది. బావ రొట్టె ముక్క తీసుకున్నాడు. కప్పు తీసుకున్నాడు. అడుగు చూడలేదు. తాగాడు. మిషను మూసి జేబులో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. రెండోసారి చూడాలన్న మాటే మర్చిపోయాడో, కావాలనే మానేశాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. పక్కనున్న అక్క చెయ్యి చాపింది. తర్వాత ఎదురింటివాళ్ళు ఐదుగురూ.

పిన్ని వెనకగది తలుపు దగ్గర నిలబడి పళ్ళేలు తిరిగొచ్చేదాకా ఎత్తిన కప్పులు లెక్కపెట్టింది. మిగిలినవి ఐదు. అవన్నీ ఊరెళ్ళినవాళ్ళవి. ఆమె ముక్కాలి పీట మీద కూర్చుంది. చెయ్యి చాపేలోగా బావ లోపలికొచ్చి రెండు కప్పులు ఎత్తి గొంతులో పోసుకున్నాడు. పాస్టరుగారు చాతీ రుద్దుకుంటూనే మిగతా మూడూ ముగించాడు.

"ఏదీ? ఇంకా ఏమైనా ఉన్నాయా?" అన్నాడు బావ.

"లేవు బావా."

"చక్కెర కాస్త తగ్గించు. మరీ పాకంలా ఉంది."

ప్యాకెట్ల సంగతి తేల్చింది కూడా ఆయనే. ఆ సాయంత్రం కమిటీ ముందు నమూనా ప్యాకెట్టు తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "బ్యాచి నంబరు. తయారీ తేదీ. ఈ గీతల కింద పదమూడు అంకెలు. మా మరదలి కప్పు కింద ఒక్కటే!" తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి నోట ఈ మాట విన్నాక కమిటీలో ఎవరికీ వాదించే ఓపిక లేకపోయింది. ఆర్డరు రద్దు. ప్రభు బల్ల మీద మిగిలినవి ఇక నుంచి వెనకగదిలో ఎవరుంటే వాళ్ళు పంచుకోవాలని కూడా రాసుకున్నారు.

బావ పూర్తిగా మారాడనుకోకండి. ఇప్పుడాయన అనుమానం వీధి చివర మందుల షాపులో బరువు తూచే మిషను మీద ఉంది. అది నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తోందట. దాని పక్కన పెట్టడానికి ఇంకో మిషను వెతుకుతున్నాడు.

పిన్ని షుగరు నూట ముప్పై దగ్గర ఉంది. రొట్టె ఆమే కాలుస్తోంది. ప్యాకెట్ల కంపెనీ మాత్రం ఆ సగం అడ్వాన్సు ఇంకా తిరిగివ్వలేదు.