క్షేమం అడిగి ఆగడం

నా చిన్నప్పుడు అమ్మకు సల్మానియా ఆసుపత్రిలో డ్యూటీ ఉన్న రోజుల్లో నాన్న నన్ను బహ్రెయిన్‌లోని మనామా బజారులో తను పనిచేసే కొట్టుకు తీసుకెళ్లేవాడు. గుంటూరు నుంచి ఓడలో వచ్చిన ఎండుమిరప బస్తాల మధ్య తుమ్ముకుంటూ కూర్చోవడమే నా సెలవులు. కొట్టు యజమాని బహ్రెయినీ ముసలాయన, యజమాని అనే అర్థంలో అందరూ అర్బాబ్ అనేవాళ్లు. ఎవరితో బేరం మొదలుపెట్టాలన్నా ముందు ఒంట్లో ఎలా ఉంది, పిల్లలెలా ఉన్నారు అంటూ ఆయన తీరిగ్గా సాగదీసేవాడు. నాన్నకు అదంతా చాదస్తం.

ఒక వేసవిలో వచ్చిన సరుకు, బస్తా విప్పగానే గుప్పున బూజు వాసన కొట్టింది. నాన్న మండిపడ్డాడు. ఏళ్ల తరబడి సరుకు పంపుతున్న గుంటూరు షావుకారుకు ఫోను చేసి, ఇక మీతో వ్యాపారం వద్దని చెప్పేస్తానన్నాడు. అర్బాబ్ సరేనన్నాడు గానీ, ముందు ఇంటి క్షేమం అడగమన్నాడు.

"అందరూ బాగున్నారాండీ?" అని ఒక్క గుక్కలో అనేసి, జవాబు వినకుండానే నాన్న బూజు సంగతి ఎత్తుకున్నాడు. చెడామడా దులిపేశాడు. అవతలి గొంతు నాకూ వినపడుతోంది. "తప్పు నాదేనండీ" అంటోంది, అంతే. ఒక్క సాకు కూడా చెప్పడం లేదు. తెలుగు ముక్క రాని అర్బాబ్ ముఖం మారింది. రిసీవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి, తనకొచ్చిన హిందీలో, "భాయ్, ఆ మనిషి గొంతు బాగోలేదు. నువ్వు అడిగి ఆగలేదు. మళ్లీ అడుగు" అన్నాడు.

నాన్న అడిగి, ఆగాడు. లైనులో గరగర తప్ప ఏమీ లేదు. చివరికి ఆ పెద్దాయన, "మా పెద్దోడు పోయాడండీ. లారీ గుద్దేసింది. కాయ ఎండిందో లేదో, బస్తాలెవరు కట్టారో నేను చూళ్లేదండీ" అంటూ బావురుమన్నాడు. మగవాళ్లు అలా ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. భయమేసి చెవులు మూసుకున్నాను. అయినా వినపడుతూనే ఉంది.

నాన్న హిందీలో సంగతి చెప్పగానే అర్బాబ్, "ఖలాస్, సామాన్ మాట వదిలెయ్. వచ్చే సరుకూ ఆయనే పంపాలని చెప్పు" అన్నాడు. అర్బాబ్ బతికున్నన్నాళ్లూ ఆ కొట్టుకు మిరపకాయలు ఆ షావుకారే పంపాడు.

పెద్దయ్యాక నేనూ ఎగుమతుల్లోకే వచ్చాను. ఏ దేశం వాళ్లతో మాట్లాడినా ముందు ఇంటి క్షేమం అడుగుతాను. బాగున్నామని వాళ్లు చప్పున అనేస్తే గుండె కుదుటపడుతుంది. అవతల ఒక్క క్షణం మాట రాకపోతే మాత్రం ఆ ఏడుపే మళ్లీ వినిపిస్తుంది. అయినా మాట మార్చను. వాళ్లు చెప్పేదాకా ఆగుతాను.