పాన్‌గల్ గుట్టలో మూసుకుపోయిన గది

దయ్యం పట్టిందంటూ బడిలో ఏ పిల్ల పడిపోయినా, ముందు "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగే టీచర్ని నేను. ఇప్పటికీ అదే అడుగుతాను. ఇది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోకండి.

అప్పట్లో వనపర్తిలో సోషల్ చెప్పేదాన్ని. కొండల్లో మనుషులు కట్టుకున్న ఇళ్లంటే నాకు పిచ్చి. అమెరికాలో కొండచరియ కింద గూళ్లలా కట్టిన ఊళ్లు, టర్కీలో రాతిని తొలిచి చేసుకున్న ఇళ్లు, పేపర్లో ఏ బొమ్మ కనబడినా కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకునేదాన్ని. అంత దూరం పోయే స్తోమత లేదు. బస్సులో బాదామి దాకా పోయి చూసొచ్చాను, అంతే.

అలంపూర్ మునిగిన వరదకు రెండేళ్ల ముందు సంగతి. పాన్‌గల్ వైపు గుట్టల్లో అలాంటి ఇళ్లు ఉన్నాయని మా పక్కింటావిడ చెప్పింది. ఆమె పుట్టిల్లు అటువైపే. వాళ్ల ఊళ్లో మేకలు కాచే బాలమ్మ దారి చూపిస్తుందంది. ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు బాలమ్మ వెంట గుట్ట ఎక్కాను. ఆమెకు అరవై దాటి ఉంటాయి. నాకంటే చురుగ్గా ఎక్కింది.

సగం ఎక్కాక నిజంగానే కనిపించాయి. ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బండ కింద రాళ్లు, మట్టి పెట్టి కట్టిన నాలుగు గదులు. మూడు కూలిపోయాయి. నాలుగోది చెక్కుచెదరలేదు. దానికి పాక్కుంటూ పోవాల్సినంత చిన్న వాకిలి.

"జల్ది రా టీచరమ్మా. మేకలు గూడ అండ్లకు పోవు," అంది బాలమ్మ. నవ్వేసి, టార్చి పట్టుకుని లోపలికి దూరాను. అప్పుడు తొమ్మిదిన్నర.

లోపల నిలబడటానికి లేదు. కూర్చుంటే తల పైబండకు తగులుతుంది. చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. పైబండకు మసి పట్టి ఉంది. ఇక్కడ వంట చేసుకున్నారన్నమాట అని సంతోషపడి, కాసేపు దాన్నే చూశాను. వెనక్కి తిరిగితే వాకిలి లేదు.

దిక్కు తప్పానేమోనని నాలుగు వైపులా టార్చి వేశాను. అన్నీ గోడలే. వాకిలి ఉండాల్సిన చోట మట్టి పూసి ఉంది. ముట్టుకుంటే తడి. పూసిన వేళ్ల గుర్తులు కూడా ఇంకా ఆరలేదు. గోళ్లతో గీరాను, కాళ్లతో తన్నాను. "అవ్వా! బాలమ్మవ్వా!" అని అరిచాను. ఊపిరి అందడం లేదు. ఇంట్లో పాన్‌గల్ పోతున్నానని మాత్రమే చెప్పాను, ఏ గుట్టో చెప్పలేదు. పిల్లలిద్దరూ సాయంత్రం దాకా గడపలో కూర్చుని ఎదురుచూస్తారని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

అప్పుడు నా పక్కనుంచే ఒక ఆడమనిషి గొంతు, గుసగుసగా.

"అరవకు. దీపం ఆర్పు. గుర్రాలింక కిందనే తిరుగుతున్నయ్."

పక్కన ఇంకో మనిషి పట్టే చోటే లేదక్కడ. ఎందుకు ఆర్పానో తెలియదు, టార్చి ఆర్పేశాను. ఒక గరుకు చెయ్యి నా నోరు మూసింది. నొప్పి పెట్టలేదు. పసిపిల్ల ఏడవకుండా తల్లి మూసినట్టు మూసింది. చీకట్లో నా ఊపిరి కాక ఇంకా ఊపిర్లు వినబడ్డాయి, ఎన్నో చెప్పలేను. కింద రాళ్ల మీద గిట్టల చప్పుడు. అది దూరమయ్యేదాకా నేనూ వాళ్లతోపాటు బిగుసుకుని కూర్చున్నాను.

చెయ్యి తొలగింది. వాకిట్లోంచి ఎండ పడుతోంది.

పాకుతూ బయటికొచ్చేసరికి బాలమ్మ బండ మీద కూలబడి ఏడుస్తోంది. నన్ను చూసి భయంతో వెనక్కి జరిగింది.

"యాడికి పోయినవే తల్లీ? రెండుసార్లు లోపటికొచ్చి దేవులాడిన. గోడలన్ని తడిమిన. నువ్వు లేవు."

"లోపట్నే ఉన్ననవ్వా."

"అండ్ల ఇద్దరు పడ్తరా? నువ్వుంటే నా చేతికి తగలవా?"

వాచీ చూసుకుంటే పన్నెండవుతోంది. నా లెక్కన పావుగంట కూడా కాలేదు. గోళ్లలో తడిమట్టి. వాకిలి చుట్టూ వెతికితే ఎండి పెళుసుబారిన మట్టే తప్ప తేమ ఎక్కడా లేదు. ఆ ఏడు అప్పటిదాకా అక్కడ వాన చినుకు పడలేదు.

వనపర్తిలో ఒక డాక్టరుకు చెప్పాను. గాలి ఆడక అలా అనిపించి ఉంటుందన్నాడు. గొంతు, చెయ్యి, గుర్రాలు, అన్నీ అలాగే అనుకుంటాను. ఇంకెవరైనా వచ్చి చెబితే నేనూ అదే మాట అనేదాన్ని. కానీ బాలమ్మ ఉన్నది ఆరుబయట గాలిలో. ఆ చేతులు ఆ గదంతా తడిమాయి.

చాన్నాళ్లకు సంతలో ఒకసారి కనబడింది. గుట్ట మాట ఎత్తలేదు. దగ్గరికొచ్చి నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కి చూసి వెళ్లిపోయింది.

ఆ గదిలో ఎవరున్నారని విన్నవాళ్లంతా అడుగుతారు. నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది. బాలమ్మ తడిమినప్పుడు నేను ఎక్కడున్నాను?